గట్టు సాక్ష్యము

పొలము గట్టు జానెడు వెడల్పు కలది. దానికొరకై అన్నదమ్ములు విడిపోయి, వకీళ్ళను పోషించి, తుదకు గట్టునకు ఇరువైపులనున్న పొలములను కూడ అమ్ముకొనిన కథలు మనవారిలో ప్రతి గ్రామమునకును ఒకటో రెండో ఉండును. ఏటికొక సాలు చొప్పున ప్రక్కవాని గట్టును కోసికొనిపోవుట రైతులందరకును తెలిసిన దొంగతనమే. బంగారము పోయిన మనుష్యుడు కొంతకాలము ఏడ్చి ఊరకుండును. గట్టు పోయిన ఊరకుండడు. ఇందులో అత్యాశయే కాదు, ఆత్మగౌరవము కూడ కలదు. తాత చెమటయొక్క అంచు ఇదియని వాని భావము.

ఇట్టి గట్టునకు ఒక విచిత్రమైన గతి పట్టినదనుకొందము. దానిని వేసినవాడు పోయెను. దానికై తగవులాడినవారును, ఆ తగవు తీర్చిన పెద్దలును పోయిరి. వారి భాష పోయెను. వారి దేవతల పేర్లు పోయెను. మూడువేల యేండ్లు గడచెను. నేలమీద గట్టు అరిగి సమమైపోయెను. అయినను ఆకాశమునుండి చూచువానికి పైరులో ఒక సన్నని గీతగా అది నేటికిని కనబడుచున్నది. ఇప్పుడా గట్టు ఎవరిది? అది దేనికి సాక్ష్యము? దానిని చూచిన మనకు దానియెడల ఏదైన బాధ్యత కలదా? మన పూర్వులకు ఈ ప్రశ్న పుట్టుటకు అవకాశమే లేదు. విమానమును, కెమెరాయును కలిసి ఇరువదవ శతాబ్దములో దీనిని మనముందుంచినవి.

ఇంగ్లండునందు ఈ పరిశోధనకు దారి వేసినవారిలో ముఖ్యుడు ఓ. జి. ఎస్. క్రాఫర్డ్. ఆయన 1886లో బొంబాయిలో పుట్టెనన్నమాట మన పాఠకులకు కొంత కుతూహలము కలిగింపవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధములో ఆయన విమానములలో పరిశీలకుడుగా పనిచేసి 1918లో జర్మనులకు చిక్కి బందీగా నుండెను. 1920లో బ్రిటిషు ప్రభుత్వపు పటముల శాఖయైన ఆర్డ్నెన్స్ సర్వేలో పురాతత్త్వాధికారిగా నియమింపబడెను. ఆ ఉద్యోగమునకు ఆయనయే మొదటివాడు. 1922లో వైమానిక దళమువారు హాంప్‌షైరుమీద తీసిన కొన్ని ఛాయాచిత్రములను ఆయనకు చూపిరి. వానిలో ఎవరికిని అర్థముగాని గీతలు కనబడినవి. పటములలో లేని గీతలవి. చిన్నచిన్న చదరములుగా, ఒకదాని నానుకొని ఒకటిగా, కొండవాలునిండ పరచుకొనియున్నవి. అవి రోమనులు రాకపూర్వమునుండియు సాగిన సేద్యపు మడులని క్రాఫర్డ్ గుర్తించెను. 1924లో అలెగ్జాండర్ కెయిలర్ అను ధనికునితో కలిసి (ఆతని కుటుంబమునకు నారింజ మురబ్బా వ్యాపారము, ఆ తీపి పురాతత్త్వమునకు ఇట్లు అక్కరకు వచ్చినది) దక్షిణ ఇంగ్లండుమీద విమానములో తిరిగి చిత్రములు తీసి, 1928లో ‘వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్’ అను పేరుతో ఇరువురును ప్రకటించిరి. ఆ మడులకు ‘కెల్టిక్ పొలములు’ అను పేరు నిలిచినది. పేరు సరియైనది కాదు; వానిలో చాల భాగము క్రీ. పూ. 1500 ప్రాంతమునుండియు రోమనుల కాలమువరకును వేరువేరు జనులు దున్నినవి.

ముగ్గుమీద ప్రాకుచున్న చీమకు పిండి గింజలు కనబడును, ముగ్గు కనబడదు. అరుగుమీద నిలిచిన పిల్లవానికి ముగ్గంతయు ఒక్కచూపున అందును. విమానములోనివాని అదృష్టము ఇట్టిది. అయితే అరిగిపోయిన గట్టు అంత ఎత్తునుండి ఎట్లు కనబడునని అడుగవచ్చును. పూర్వమెప్పుడో త్రవ్విన కందకము పూడిపోయినను, అందు పూడిన మన్ను చుట్టునున్న సుద్దనేలకంటె మెత్తనిది, లోతైనది. తేమను పట్టి యుంచును. దానిమీది బార్లీ పైరు ఒక చాయ ఎక్కువ పచ్చగా, కొంచెము ఎత్తుగా పెరిగి ఆలస్యముగా పండును. రాతిగోడ పునాది యున్నచోట పైరు గిడసబారి, తక్కినదానికంటె ముందుగా పసుపు తిరుగును. ఇది పైరు చెప్పు మాట. ఇక నీడ చెప్పు మాట యొకటి యున్నది: ప్రొద్దు వాలినవేళ ఏటవాలు ఎండలో బెత్తెడు మిట్టకు కూడ నీడ పడును. దున్నిన చేనిలో మన్ను రంగుల భేదము మరియొక జాడ. ఇటీవలి కాలమున విమానమునుండి కాంతికిరణములను నేలపైకి పంపి, చెట్లక్రింది మిట్టపల్లములను సహితము కొలుచు లైడార్ అను పద్ధతి వచ్చినది. దానితో అడవులు కప్పిన గట్లు కూడ బయటపడుచున్నవి.

ఈ మడులు చదరముగా నుండుటకు కారణము నాగలిలో ఉన్నది. ఆనాటి నాగలి మన నాటు నాగలివలె నేలను చీల్చునదియే గాని మన్నును తిరుగవేయునది కాదు. కనుక ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డముగా దున్నవలెను. అట్లు దున్నుటకు పొడుగుపట్టెకంటె చదరపు మడి అనుకూలము. ఇంగ్లీషు పండితులకు ఈ సంగతిని వివరించుటకు వ్యాసములు వ్రాయవలసివచ్చినది. నాటు నాగలి పట్టిన మన రైతునకు చెప్పనక్కరలేదు. ఇంకొక విశేషము చూడుడు. కొండవాలులో దున్నిన ప్రతిసారియు కొంచెము మన్ను క్రిందికి జారి, మడి క్రింది అంచున నిలుచును. తరతరములు ఇట్లు జరుగగా ఆ అంచు మిట్టయగును. కొన్నిచోట్ల ఈ మిట్టలు మనిషి నిలువెత్తున కలవు. వానిని కట్టవలెనని ఎవరును కట్టలేదు. దున్నగా దున్నగా తమంత తామే పెరిగినవి. తండ్రి ఎన్నియేండ్లు దున్నెనో, కొడుకు ఎన్నియేండ్లు దున్నెనో ఆ మట్టిలో పొరలుగా పేరుకొని యున్నది.

శ్రమనుండి హక్కు పుట్టునని తలచినవారు అనేకులు. ఇంగ్లండులో పదునేడవ శతాబ్దమున జాన్ లాక్ ఈ వాదమును బలపరచెను. మన మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయములో వేరొక విషయమును నిర్ణయించు సందర్భమున, మొద్దులు కొట్టి నేల బాగుచేసినవానిది పొలమను భావము దృష్టాంతముగా వచ్చును. దృష్టాంతముగా వచ్చినదనగా అది అప్పటికే లోకమున ఒప్పుకొనబడిన మాట యన్నమాట. ఈ కొలతతో చూచిన, ఆ మన్నుమిట్టకంటె గట్టి దస్తావేజు వేరొకటి యుండదు. వ్రాసినవాడు అబద్ధము వ్రాయవచ్చును. జారిన మన్ను అబద్ధము చెప్పదు. అందుచేతనే ఆకాశచిత్రములను చూచి ముగ్ధులగువారు, ఇదిగో భూమియే సాక్ష్యము చెప్పుచున్నది, ఇక చరిత్రకారుల పక్షపాతముతో పనిలేదని సంతసింతురు. ఆ సంతోషములో మాకును పాలున్నది. కాని సాక్షి అబద్ధమాడడన్నంత మాత్రమున, చెప్పవలసినదంతయు చెప్పెనని అర్థము కాదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

దానికి ముందు, ఈ సాక్ష్యము ఏ వెలకు వచ్చుచున్నదో ఆలోచింపవలెను. ఆకాశమునుండి నేలను చూచు విద్య యుద్ధములో పెరిగినది. శత్రువు తవ్వుకొనిన కందకములను గుర్తించుటకు నేర్చిన కన్నే పిమ్మట చరిత్రపూర్వపు కందకములను గుర్తించినది. రెండవ ప్రపంచ యుద్ధాంతమున, 1945లో, ఇటలీలోని ఫోజా మైదానముమీద సైనిక విమానములు తీసిన చిత్రములలో జాన్ బ్రాడ్‌ఫర్డ్ అను అధికారి నవశిలాయుగపు జనావాసములను వందలకొలదిగా కనుగొనెను. అదే ఫోజానగరము రెండేండ్లకు ముందు బాంబులచేత ధ్వంసమైనది. ఇంతకంటె సూక్ష్మమైన వెల యొకటి కలదు. పైరులోని గీతలు కరవు సంవత్సరములందే స్ఫుటముగా తేలును. వానలు సమృద్ధిగా కురిసిన నాడు చేనంతయు ఒకే పచ్చదనము. గీత యేదియు కనబడదు. 1976లో బ్రిటనులో ఘోరమైన అనావృష్టి వచ్చెను. ఆ యేడు కనబడిన ప్రాచీన స్థలములకు లెక్కలేదు. 2018 జూలైలో ఐర్లండులో న్యూగ్రేంజ్ సమాధి సమీపమున ఎండిన చేనిలో అంతవరకు ఎవ్వరును ఎరుగని మహావృత్తమొకటి డ్రోను కంటికి చిక్కినది. ఆ వార్త ప్రపంచమంతయు చదివినది. ఆ చేల రైతులు ఆ యేడు పశువుల మేతకై పడిన ఇబ్బందిని ఎందరు చదివిరో చెప్పలేము.

పురాతత్త్వజ్ఞుడు కరవు కోరుకొనుచున్నాడని మేము అనము. వైద్యుడు రోగమును కోరడు; అయినను రోగమువలన అతనికి విద్య వచ్చును. ఒకని నష్టము వేరొకనికి జ్ఞానమైనప్పుడు జ్ఞానము పొందినవాడు నష్టపడినవానికి ఏమి ఋణపడును అన్నదే ప్రశ్న. ఇచట ఋణము మరింత చిక్కుపడి యున్నది. ఏ నాగలి గట్టును సమము చేసినదో ఆ నాగలివలననే అది పైరులోని గీతగా మిగిలినది. అదే నాగలి, ఇప్పుడు ట్రాక్టరు రూపమున, సంవత్సరమునకు కొంత చొప్పున ఆ గీతను కూడ తుడిచివేయుచున్నది. రెండవ యుద్ధకాలములో ఇంగ్లండునందు ఆహారపు కొరతవలన లక్షల ఎకరముల పచ్చిక దున్నబడినది. రెండుమూడు వేల యేండ్లు నిలిచిన మిట్టలు కొన్ని ఋతువులలో నేలమట్టమైనవి. అందులకు రైతును నిందించువారు రొట్టె తినకుండ నిందింపవలెను. చనిపోయినవాని గట్టుకై బ్రతికినవాని కంచమును లాగుకొనుట ధర్మము కాదు. అట్లని, బ్రతికినవాని సౌకర్యము పేరిట గతించినవారి ఏకైక చిహ్నమును ఆలోచనలేక చెరుపుటయు ధర్మము కాదు. ఇంగ్లండులో 1991లో ఆరంభమైన ఒక పథకమువలన, ప్రాచీన చిహ్నములున్న భూమిని జాగ్రత్తగా చూచుకొను రైతునకు ప్రభుత్వము ద్రవ్యమిచ్చుట జరిగినది. దేశమునకు కావలసిన జ్ఞాపకమునకు దేశమే వెల ఇచ్చుట మాకు న్యాయముగా తోచుచున్నది. ఇట్టి లౌకికమైన ఏర్పాటులలోనే ధర్మము సాధారణముగా నిలుచుచుండును.

ఇక సాక్షి చెప్పని మాటలకు వత్తము. ఉత్తర ఇటలీలోని పో నదీ మైదానముమీద విమానములో పోవువారికి, ట్యునీసియా మీదుగా పోవువారికి, నేలమీద అచ్చువేసినట్లు గళ్ళు కనబడును. భుజము సుమారు 710 మీటర్లు గల చదరములు, క్రోసులకొలది దూరము, తప్పక తిరుగక సాగిపోవును. ఇవి రోమనులు కొలతవేసి పంచిన భూములు. రెండువేల యేండ్ల పిమ్మట కూడ బాటలు, కాలువలు, పొలముల హద్దులు ఆ గీతలనే అనుసరించుచున్నవి. చూచినవారు రోమనుల కొలతనేర్పును మెచ్చుకొందురు, మెచ్చుకొనదగినదే. కాని ఆ చదరములలో అనేకము యుద్ధములు ముగించి వచ్చిన సైనికులకు బహుమానముగా ఇచ్చినవి. క్రీ. పూ. 42లో ఫిలిప్పీ యుద్ధమైన పిమ్మట, ఇటలీలోని పదునెనిమిది పట్టణముల భూములు ఇట్టి పంపకమునకు గురియయ్యెను. అంతకుముందు ఆ పొలములను దున్నుచుండినవారు మేకలను తోలుకొని ఊరు విడిచిపోయిరి. వర్జిల్ మహాకవి గోపకావ్యములలో మొదటిది ఆ దుఃఖమును విషయముగా గలది. ఆకాశచిత్రములో గళ్ళున్నవి, మేకలను తోలుకొనిపోయినవాడు లేడు. గీత ఎంత అందముగా నున్నదో, అంత బలవంతుడెవడో గీసి యుండునని అనుమానింపవలసివచ్చును. అన్యోన్యముగా బ్రతికిన పల్లెల గట్లు సాధారణముగా వంకరటింకరగానే యుండును.

మధ్యయుగపు ఇంగ్లండు మరియొక రకమైన చిత్రమును చూపును. ఆ కాలమున బరువైన నాగలి వచ్చినది; ఎడ్లు ఆరో ఎనిమిదో కట్టవలసి యుండెను. అంత పొడుగు జతను తిప్పుట కష్టము గనుక మడులు పొడుగుపట్టెలైనవి. పట్టె చివర ఎడ్లను మళ్ళించుటకు ముందే ఒకప్రక్కకు ఒరుగవలసి యుండుటచేత ఆ పట్టెలు నిటారుగాక పాము ఒడలువలె కొంచెము మెలితిరిగి యుండును. మధ్య ఇంగ్లండులో సాయంకాలపు ఎండలో పచ్చికబయళ్ళమీద ఈ మెలికలు అలలవలె కనబడును. వానిప్రక్క ఇండ్ల పునాదులు, వీథి జాడ, ఒక్కొకచోట శిథిలమైన చర్చి. ఇవి నశించిన పల్లెలు. మారిస్ బెరెస్‌ఫర్డ్ 1954లో వీనినిగూర్చి గ్రంథము ప్రకటించెను. యార్క్‌షైరులోని వారమ్ పెర్సీ అను అట్టి పల్లెలో 1950 నుండి 1990 వరకు త్రవ్వకములు జరిగినవి. తెగుళ్ళు, వలసలు ఇట్టి పల్లెలను పలుచన చేసినవి. పదునైదు, పదునారు శతాబ్దములలో ఉన్నికి మంచి వెల రాగా, మిగిలిన రైతులను వెడలగొట్టి భూస్వాములు గొఱ్ఱెలను దింపిరి. వింత యేమనగా, ఆ సాళ్ళు నేటివరకు నిలిచియుండుట ఆ గొఱ్ఱెలవలననే. దున్నుట మానిరి గనుక సాళ్ళు చెరగలేదు. ఎవరు ఆ రైతును వెడలగొట్టిరో వారి పచ్చికయే ఆతని సాలును కాపాడినది.

ఆ మధ్యయుగపు గ్రామములో సాళ్ళతోపాటు మరియొకటి యుండెను. అది గట్లు లేని హక్కు. పంట కోసిన పిమ్మట చేలలో ఊరివారందరి పశువులును మేయవచ్చును. బీడులో వంటచెరకు ఏరుకొనవచ్చును. పరిగె ఏరుకొనుట బీద స్త్రీల పాలు. భూమి ఒక్క సెంటైనను లేనివానికి కూడ ఆ ఊరిమీద ఇంత హక్కు కలదు. 1604 నుండి 1914 వరకు పార్లమెంటు చేసిన ఐదువేలకు పైబడిన చట్టములవలన సుమారు అరువదెనిమిది లక్షల ఎకరముల ఇట్టి భూమికి కంచెలు పడినవి. దస్తావేజు చూపగలవానికి భాగము దక్కినది. వాడుక తప్ప వేరు ఆధారము లేనివాడు తరచుగా వట్టిచేతులతో మిగిలెను. హెల్ప్‌స్టన్ గ్రామమునకు 1809లో ఇట్టి చట్టము వచ్చెను. ఆ గ్రామపు కూలివాని కుమారుడైన జాన్ క్లేర్ కవియై, కంచెలు పడుటకు పూర్వపు బయళ్ళను తలచి వగచుచు వ్రాసెను. ఇప్పుడు ఆకాశమునుండి చూడుడు. చట్టమువలన పడిన కంచెలు నిటారుగా స్పష్టముగా కనబడును. పరిగె ఏరుకొనిన హక్కు ఎచట కనబడును? ఆవు మేసిన హక్కునకు ఏ పైరు ఒక చాయ పచ్చగా పెరుగును?

మన మీమాంసకులు ఇట్టి భేదమునే వేరొక సందర్భమున చర్చించిరి. విశ్వజిత్తను యాగములో యజమాని తన సర్వస్వమును దానము చేయవలెను. యజమాని రాజైనచో భూమండలమును కూడ దానము చేయవలెనా అని ప్రశ్న. చేయరాదని జైమిని సూత్రము. భూమి అందరకును సమానమైనదగుటయే కారణము. శబరుడు మొదలగువారు దీనిని వివరించుచు, క్షేత్రములకు అధిపతులుండవచ్చును గాని భూమికి ఎవరును అధిపతులు కారని తేల్చిరి. క్షేత్రము వేరు, భూమి వేరు. ఆకాశచిత్రము క్షేత్రమును చూపును. భూమిని చూపలేదు, గట్టు వేసి తనదనిపించుకొనినవానికే అది సాక్ష్యము పలుకును. మందతో తిరిగినవాడు, అడవిలో దుంపలు త్రవ్వుకొనినవాడు, అందరితో కలిసి అనుభవించినవాడు దాని కంటికి ఆనడు. చిత్రములో ఖాళీగా కనబడు చోటు ఖాళీది కాదు. ఖాళీది యనుకొనియే ఆస్ట్రేలియావంటి ఖండములను వలసవచ్చినవారు తమవి చేసికొనిరి; అక్కడి జనులకు కంచెలు లేకపోవుట వారి నేరమైనది.

దీనికి ఒక సమాధానము చెప్పవచ్చును. అది బలమైనదే. చరిత్రలో రాజులకు శాసనములున్నవి, కవులకు కావ్యములున్నవి, దున్నినవానికి ఏమున్నది? వెసెక్సులో ఆ మడులు దున్నినవారి పేరొక్కటియు మనకు తెలియదు. వారిని గూర్చి ఎవరును పాడిన పాట మిగులలేదు. మూడువేల యేండ్ల పిమ్మట ఒక ఛాయాచిత్రము వారిని మొదటిసారి లోకమునకు చూపినది. ఇన్నాళ్ళకు దొరికిన ఆ ఒక్క సాక్షిని పట్టుకొని, నీవు వీనిని చెప్పితివి గాని వానిని చెప్పలేదేమని గద్దించుట అన్యాయము కాదా? ఒప్పుకొందుము. సాక్షిమీద మాకు ఫిర్యాదు లేదు. మా తగవంతయు న్యాయాధిపతితో. ఒక్క సాక్షిని విని తీర్పు చెప్పువాడు, ఆ సాక్షి సత్యవంతుడన్న ధీమాతో చెప్పినప్పుడు, ఎక్కువ అపాయము చేయును.

ఈ మాట గతించినవారిని గూర్చి మాత్రమే కాదు. భారతదేశములో 2020 ఏప్రిలులో ఆరంభమైన స్వామిత్వ పథకమువలన గ్రామములలోని ఇండ్లస్థలములను డ్రోనులతో చిత్రించి హక్కుపత్రములిచ్చు పని జరిగినది. ఆంధ్రప్రదేశములో ఆ యేటనే డిసెంబరులో భూముల పునఃసర్వే మొదలై, అందును డ్రోనులు ఉపయోగింపబడినవి. గొలుసుతో కొలిచిన పాత లెక్కలలోని తప్పులు తెలిసినవారెవరును దీనిని కాదనరు. హక్కుపత్రము లేక, అప్పు పుట్టక, తన ఇంట తానే అద్దెకున్నట్లు బ్రతికిన బీదవానికి ఇది మేలు. అయినను ప్రతి గ్రామములోను గట్టు కనబడని హక్కు కొంత యుండును. పుంతదారి, పశువులు నిలుచు బయలు, వల్లకాడు, చెరువు శిఖము, ఎండాకాలమున మాత్రము బండ్లు పోవు అడ్డదారి. వీనినన్నిటిని దస్తరములలో పోరంబోకు అందురు. పన్నుకట్టనిది, అందరిది అని దాని భావము. తమిళనాడులో ఉన్నవారికి ఈ మాట ఏమైనదో తెలియును. పనికిమాలినవానిని తిట్టుటకు వాడుచున్నారు. అందరిది యన్నమాట ఎవరిదియు కాదన్నమాటగా, తుదకు తిట్టుగా మారుటకు ఎంతో కాలము పట్టలేదు. డ్రోను చిత్రమును పరచుకొనిన అధికారి గట్టువరకు చూచి, గట్టులేనిచోట ఊరిలోని ముసలివారిని పిలిచి అడిగినచో చాలును. మన పూర్వపు తామ్రశాసనములలో దానమిచ్చిన గ్రామమునకు తూర్పున ఏ చెట్టు, ఆగ్నేయమున ఏ పుట్ట, దక్షిణమున ఏ గుంట అని ఎల్లలు చెప్పబడియుండును. పుట్టను చూపగలవాడు ఆ ఊరివాడే గాని రాజధానిలోని లేఖకుడు కాడు. ఆ శాసనము వెనుక ఎవనినో అడిగి తెలిసికొనిన జాడ యున్నది.

ఎల్లకు అవతల బ్రతుకుచున్న మనకు ఈ విషయము మరికొంత దగ్గర. 1953లోను, 1956లోను రాష్ట్రముల గీతలు మారినవి. 1960 ఏప్రిలులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఆ గీతలు పటములో లావుగా నుండును. విమానములో ఆ మార్గమున పోవువాడు కిటికీలోనుండి ఎంత చూచినను వానిని కనుగొనలేడు. యానాము చుట్టునుగల ఎల్ల 1954 వరకు ఫ్రెంచి ప్రభుత్వమునకును మన దేశమునకును నడిమి సరిహద్దు. ఆకాశమునుండి చూచిన ఇరువైపులను ఒకే గోదావరి, ఒకే కొబ్బరితోపు. కనబడని గీతలు మనుష్యులను ఇంతగా విడదీయగలవు. అట్లే కనబడు గీతలు మనుష్యులను దాచగలవు. కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి నేలలలో కొన్ని శతాబ్దముల క్రితము తెలుగు దేశమునుండి వచ్చిన కుటుంబములు అడవి కొట్టి సేద్యము చేసిన కథను కి. రాజనారాయణన్ 1976లో తమిళమున ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసెను. ఆయనయు తెలుగు కుటుంబమువాడే. దానికి కొనసాగింపుగా వ్రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఆ నేలమీద ఎంత మంచి కెమెరాతో చిత్రము తీసినను, గట్లు ఏ భాషవారు వేసినవో అందులో తెలియదు. గట్టును కోస్తావారు గట్టందురు. రాయలసీమవారు గెనిమ యందురు. తమిళులకు అది వరప్పు, కన్నడిగులకు బదు, మహారాష్ట్రులకు బాంధ్, ఒడియావారికి హిడ. పదివేల అడుగుల ఎత్తునుండి అది వెండ్రుకవంటి ఒక నల్లగీత.